కమ్మన, వగరు, ఒయిషీ: రుచి మాటల మీద కొన్ని అనుభవ పాఠాలు

మాది దౌల్తాబాద్. దేవగిరి కోట ఉన్న ఊరు కాదు. కొడంగల్ పక్కన, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న మండల కేంద్రం. చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. బడిలో పాఠం, ఇంట్లో పొయ్యి, రెండూ జీవితమంతా కలిసే నడిచాయి. అందుకే రుచిని చెప్పే మాటలంటే నాకు ప్రాణం. టోక్యోలో కూతురి దగ్గర కొన్నాళ్లుండి వచ్చాక ఆ ఇష్టం ఇంకా ముదిరింది. తెలుగు చెప్పబోయే టీచర్లకూ, వంట నేర్చుకుంటున్న మనవలకూ పనికొస్తాయని ఇవి రాసిపెడుతున్నాను.

1. రుచిని మెచ్చే మాట ఏ ఇంటినుంచి వచ్చిందో అడగండి.

మా అమ్మాయి వాళ్లుండే పేట పేరు నిషి-కసై. టోక్యోలో ఎడొగావా వార్డు కిందికి వస్తుంది. మన దేశపు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. కందిపప్పు, చింతపండు అమ్మే కొట్లున్నాయి, సాయంత్రం పార్కులో తెలుగు వినిపిస్తుంది. అక్కడ నా చెవిన ముందుగా పడిన జపనీస్ మాట ‘ఒయిషీ’. తినేది బాగుంటే అనే మాట. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే పిల్లలనుంచి ముసలివాళ్ల దాకా అనేస్తారు. టీవీలో వంటల కార్యక్రమం పెడితే నిమిషానికోసారి అదే.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ మాట ఎక్కడిదని మనవరాలిని అడిగాను, ఇద్దరం కూర్చుని నిఘంటువులు వెతికాం. ‘ఇషి’ అని పాత జపనీస్ విశేషణం ఒకటుంది. మేలైనది, చక్కనిది, నేర్పుగలది అని దాని అర్థం. తిండికీ దానికీ ముందు సంబంధమే లేదు. మురొమాచి కాలంలో, అంటే 14 నుంచి 16వ శతాబ్దం మధ్య, రాజభవనంలో కొలువు చేసే స్త్రీలు తమలో తాము వాడుకునే మాటలు కొన్ని పుట్టించుకున్నారు. తిండి గురించి, బట్టల గురించి మొరటుగా కాకుండా మెత్తగా చెప్పడానికి. వాళ్లే ‘ఇషి’ని రుచికి వాడారు, ముందు ‘ఒ’ అనే మర్యాద అక్షరం తగిలించారు. ఒ-ఇషీ, ఒయిషీ. కొలువు కూటమి దాటి, ఊరి ఇళ్లలోకి వచ్చి, ఇప్పుడు దేశమంతా ఆ మాటే. దాన్ని రాసే అక్షరాల్లో ఒకటి అందానికి గుర్తు, ఇంకొకటి రుచికి.

అప్పుడు మన మాటలు గుర్తుకొచ్చాయి. ‘రుచి’ అంటే సంస్కృతంలో మొదట కాంతి. మెరిసేది, ఆ తర్వాత మనసుకు నచ్చేది, ఆ తర్వాతే నాలుకకు నచ్చేది. ప్రబంధాలు చదివిన వాళ్లకు ‘రుచి’ అంటే వెలుగు అనే అర్థం కొత్త కాదు. మా తాండూరు బజారులో ఉర్దూ వాళ్లు ‘మజా’ అంటారు. అది ఫారసీలో రుచే. మనం మాత్రం సినిమాకూ సెలవులకూ వాడుకుంటున్నాం. ‘చవి’ ఒక్కటే మన ద్రావిడ ఇంటి మాట: తమిళంలో ‘చువై’, కన్నడంలో ‘సవి’. అందాన్ని చెప్పే మాటను జపాన్ వాళ్లు తిండికి తెచ్చుకుంటే, వెలుగును చెప్పే మాటను మనం తెచ్చుకున్నాం. రుచికి సొంత మాటలు తక్కువ. కన్ను దగ్గరా, ముక్కు దగ్గరా అడిగి తెచ్చుకుంటుంది.

2. ‘కమ్మన’ను ముక్కుతో చదవండి.

ముక్కు దగ్గర తెచ్చుకున్న మాట ఇదే. నాకు తెలుగులో ఇంతకన్నా ఇష్టమైన రుచి మాట లేదు.

మా దిక్కు ‘కమ్మగుంది’ అంటాం. పప్పు కమ్మగుంటది. నెయ్యి కమ్మగుంటది. కాగిన పాలు, దోరగా వేగిన పల్లీలు, పెనం మీదనుంచి అప్పుడే దిగిన జొన్నరొట్టె, ఇవన్నీ కమ్మగుంటాయి. బెల్లం ముక్కను కమ్మన అనం, అది తీపి. పుంటికూరను అనం, అది పులుపు. మామిడికాయ తొక్కు ఎంత బాగా కుదిరినా కమ్మగుంది అనం, ‘మంచిగ కుదిరింది’ అంటాం. పెరుగు సంగతికొస్తే ఈ మాట ఇంకా కచ్చితం: కమ్మటి పెరుగంటే పులియని పెరుగు. మధ్యాహ్నానికి అదే గిన్నెలోని పెరుగు ఆ పేరు పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు ఆరు రుచుల పట్టిక తీయండి. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. కమ్మదనం అందులో లేదు. పట్టికలో చోటు లేని ఈ రుచినే తెలుగు వాళ్లం రోజూ తలుస్తాం. ఎందుకంటే అది మొదట వాసన. తమిళంలో ‘కమళ్’ అంటే పరిమళించు. కన్నడంలో ‘కమ్మనె’ అంటే సువాసనగా. మన పాత తెలుగులోనూ ‘కమ్మ’ అంటే పరిమళమే. కమ్మని పూలు, కమ్మని గాలి అన్న వాడుక దాని ఆనవాలు. ఆ మాట పువ్వులనుంచి పొయ్యి దగ్గరికి వచ్చి పప్పులో స్థిరపడింది.

తరగతిలో దీన్ని చూపించడానికి నేను ఇంటినుంచి కందిపొడి తీసుకెళ్లేదాన్ని. ముక్కు గట్టిగా మూసుకుని చిటికెడు నోట్లో వేసుకోమనేదాన్ని. ఉప్పు తెలిసేది, కారం తెలిసేది, ఇంకేమీ తెలిసేది కాదు. ముక్కు వదలగానే పిల్లల మొహాలు మారిపోయేవి. నమిలేటప్పుడు తిండి వాసన గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అనుకునే దానిలో చాలా భాగం అదే. జలుబు చేసినప్పుడు పప్పు ఎందుకు సప్పగుంటుందో ఆ ఒక్క పాఠంతో వాళ్లకు అర్థమయ్యేది. కందులు వేగేటప్పుడు వాటిలోని మాంసకృత్తుల ముక్కలూ చక్కెరలూ వేడికి కలిసి కొత్త వాసనలు పుట్టిస్తాయి. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ చర్యను వివరించాడు, ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. శాస్త్రం దానికి పేరు పెట్టక ముందే, ముక్కూ నాలుకా కలిసి చేసే పనికి మన వాళ్లు ఒకే మాట పెట్టుకున్నారు. ఆ తెలివికి నేను చేతులెత్తి మొక్కుతాను.

జపనీస్‌లో దీనికి దగ్గరి మాట ఒయిషీ కాదు. ‘కోబషీ’ అని ఇంకొకటుంది. వేయించిన నువ్వులు, కాల్చిన బియ్యపు అప్పాలు, వేయించిన టీ ఆకు, వీటికి వాడతారు. అది కూడా వాసన నుంచి వచ్చిందే. మా అమ్మాయి వంటింట్లో కందిపప్పు వేయిస్తుంటే గుమ్మం దాకా వచ్చిన పొరుగావిడ అన్నది ఆ మాటే. మనవరాలు దాన్ని తెలుగు చేయబోయి తడుముకుంటే, ‘కమ్మగుంది అన్నదే బిడ్డా’ అని నేనే చెప్పాను.

3. పొరుగు భాషలో అదే మాట తిరగబడి ఉంటే నవ్వకండి.

కన్నడంలో ‘కంపు’ అంటే సువాసన. వాళ్ల కవులు తమ భాషనూ నేలనూ పొగడడానికి ఆ మాట వాడతారు. తెలుగులో కంపు అంటే ముక్కు మూసుకోవాల్సిందే. వేరు ఒకటే, మంచి సగం వాళ్లకు పోయింది, చెడ్డ సగం మనకు మిగిలింది. మంచి సగాన్ని మనం ‘కమ్మన’ రూపంలో దాచుకున్నాం.

మా ఊళ్లలో ఇది పుస్తకం సంగతి కాదు. కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలో గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాకూ, తాండూరు హైదరాబాదు జిల్లాకూ వచ్చాయి. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక మేమంతా మళ్లీ ఒక జిల్లా వాళ్లమయ్యాం. పటం మీద గీత జరిగినంత మాత్రాన పెళ్లి సంబంధాలు జరగవు కదా. సేడం నుంచి, గుర్మిట్‌కల్ నుంచి కోడళ్లు వస్తూనే ఉన్నారు. అట్లా వచ్చిన కొత్త కోడలు పప్పు తాళింపు వాసన చూసి ‘ఎంత కంపు’ అని మెచ్చుకుంటే అత్తగారింట్లో అందరూ మొహాలు చూసుకోవడం మా పెళ్లిళ్లలో పాత ముచ్చట. ఆ పిల్లను ఏడిపించడం మాత్రం నాకెప్పుడూ నచ్చలేదు. ఆమె అన్నది పాత అర్థం, బహుశా మన మాట కన్నా నిండైన అర్థం. ‘వాసన’ అనే మాట గతి చూడండి. సంస్కృతంలో పరిమళం, మనం ఇప్పుడు ‘వాసనొస్తుంది’ అంటే పారేయమని అర్థం. మాట చెడడానికి పొరుగు భాష అక్కర్లేదు.

4. వగరును పుస్తకంలో చెప్పకండి, తినిపించండి.

ఆరు రుచుల్లో పిల్లలు తప్పే రుచి ఇది. తీపి, పులుపు చెప్పడానికి ఎవరికీ కష్టం లేదు. వగరంటే ఏమిటని అడిగితే ‘కొంచెం చేదు’ అంటారు. కాదు. చేదు నాలుకకు తగిలే రుచి, వగరు నోరంతా పట్టేసే బిగువు. పచ్చి అరటికాయ, లేత జామకాయ, మారేడు పిందె కొరికితే బుగ్గల లోపలి చర్మం ముడుచుకుపోయినట్టు ఉంటుంది. ఆ కాయల్లోని టానిన్లు మన ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకుని ముద్ద చేస్తాయి. ఉమ్మికున్న జారుడు పోతుంది, నాలుక గరుకుగా తగులుతుంది. వగరు సగం రుచి, సగం స్పర్శ.

మా పిల్లలకు దీన్ని చెప్పడానికి తునికికాయను మించిన పాఠం లేదు. అనంతగిరి అడవుల్లో, మా తండాల పక్కన బోళ్లల్లో తునికి చెట్లుంటాయి. ఆకు బీడీలకు పోతుంది, పండు పిల్లలకు. పండితే మెత్తటి తీపి. పండక ముందు కొరికితే నోరు తెరవలేరు.

టోక్యోలో ఆకులు రాలే కాలంలో ఇళ్ల ముందు నారింజరంగు పండ్లు నిండుగా కాసిన చెట్లు చూశాను. ‘కాకి’ అంటారు వాటిని. మా అల్లుడు బజారునుంచి తెస్తే ఒకటి కోసి తిన్నాను. తీపి. కానీ ఆ తీపి అడుగున ఒక జాడ ఉంది, తెలిసిన జాడ. గింజ చూశాను, తొడిమ దగ్గర నాలుగు రేకుల ముచ్చిక చూశాను. మా తునికే! వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే ప్రజాతి, డయోస్పైరోస్. దౌల్తాబాద్ పిల్ల జేబులోని కాయకూ, టోక్యో పెరట్లోని పండుకూ చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకెంత సంతోషమో చెప్పలేను.

కాకిలో వగరు రకాలు వేరే ఉన్నాయి. అవి చెట్టున ఉన్నంతకాలం తినలేరు. తొక్క తీసి, దారాలకు కట్టి, చూరు కింద వేలాడదీసి ఎండబెడతారు. ఎండేకొద్దీ టానిన్లు ఉమ్మిలో కరగని రూపానికి మారిపోతాయి, వగరు నోటికి తగలదు, లోపలి తీపి బయటపడుతుంది. పచ్చి కాయకుండే ఆ వగరును జపాన్ వాళ్లు ‘షిబుయి’ అంటారు. వాళ్లు ఆ మాటను నోట్లో ఉంచి ఊరుకోలేదు. ఆడంబరం లేని, వయసుతో నెమ్మదించిన, వెంటనే కాకుండా మెల్లగా నచ్చే అందాన్ని షిబుయి అన్నారు. ముదురు రంగు కిమోనో షిబుయి. గొంతు కాస్త బొంగురుపోయిన పెద్ద నటుడు షిబుయి. 1960లో ‘హౌస్ బ్యూటిఫుల్’ అనే అమెరికా పత్రిక ఆ ఒక్క మాట మీద ప్రత్యేక సంచికలు వేసింది.

మనం తీపి జ్ఞాపకం అంటాం, చేదు అనుభవం అంటాం, చప్పని మాట అంటాం. వగరుకు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. తెలుగు కవులు ఎవరైనా ఆ పని చేస్తే చూడాలని ఉంది.

5. ఒక గింజలోనే రెండు రుచులుంటాయి. విడదీసిన చేతులను మరవకండి.

మా నేలకు పేరు తెచ్చినవి రెండు: నాపరాయి, కంది. కిందంతా సున్నపురాయి, పైన నల్లరేగడి. వాన మీదే ఆధారపడి కంది వేస్తారు. జూన్, జూలైలో విత్తితే చలికాలం చివర గాని చేతికి రాదు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరిహద్దుకు అవతల కలబురగి కందిపప్పుకు 2019లోనే వచ్చింది. దౌల్తాబాద్ వాళ్లకు రెండూ పొలం గట్టు దూరమే. ఏది గొప్పదని తగువుపడేవాళ్లను చూశాను. రెండిటికీ తల్లి ఒకే నేల, రెండు వైపులా తిన్నదాన్ని, నాకు ఆ తగువు రుచించదు.

కంది పొట్టులో టానిన్లున్నాయి. ఎర్ర పొట్టు కందుల్లో ఎక్కువ, తెల్ల పొట్టు వాటిలో తక్కువ. పొట్టుతో ఉడికించిన కందుల గుగ్గిళ్లు తింటే చివర నాలుక మీద సన్నని వగరు మిగులుతుంది. లోపలి పప్పుకు ఆ జాడ లేదు, అది కమ్మన. అంటే వగరు పైన చొక్కాలా తొడుక్కుని, కమ్మదనం లోపల కూర్చుంది. ఈ గింజకూ వగరుకూ ఉన్న పొత్తు మన చుట్టూ ఉన్న భాషలు గమనించినట్టే ఉన్నాయి. తమిళంలో కంది ‘తువరై’, వగరు ‘తువర్‌ప్పు’. మరాఠీలో కంది ‘తూర్’, వగరు ‘తురట్’. సంస్కృతంలో ‘తువర’ అంటే వగరైనది. కన్నడంలో కంది ‘తొగరి’, పాత తెలుగులో ‘తొగరు’ అంటే ఎరుపు. ఈ పోలికల్లో ఏవి చుట్టాలో, ఏవి కేవలం ఒకే బట్ట కట్టుకున్నవో భాషా శాస్త్రజ్ఞులు తేల్చుకోనీ. పిల్లలకు మాత్రం బల్ల మీద పరిచి చూపించదగ్గవి.

మిల్లులు రాకముందు పొట్టు తీయడం ఆడవాళ్ల పని. కందులు నానబెట్టి, వడగట్టి, ఎర్రమన్ను పట్టించి కుప్ప పోసి ఒక రాత్రి ఉంచేవాళ్లు. మరునాడు ఎండబోసేవాళ్లు. గింజ లోపల కుదించుకుపోతే పొట్టు వదులవుతుంది. మన్ను దులిపి విసుర్రాయిలో పోసి తిప్పితే పప్పు రెండు బద్దలుగా విడిపోతుంది, చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. మా అత్తమ్మ చెరుగుతూ రెండు పప్పులు నోట్లో వేసుకుని చూసేది. ‘ఇంక జరంత వగరుంది, మల్లొక పట్టు విసరాలె’ అనేది. రుచి మాట అంటే అదీ: పని ఆపాలా, కొనసాగించాలా అని తేల్చిచెప్పేది. పొట్టు బర్రెలకు పోయేది, నూక పప్పుచారుకు, మంచి బద్దలు ఏడాదంతటికీ.

6. పుస్తకంలో ఉండని రుచి మాటలు అవ్వల దగ్గరుంటాయి.

ఒయిషీ పుట్టించిన ఆ కొలువు స్త్రీలు ఇంకా చాలా మాటలిచ్చారు. ‘ఒదెన్’ అనే ఉడికించిన వంటకం పేరు వాళ్లదే. చల్లటి మంచినీళ్లను ‘ఒహియా’ అంటారు, అదీ వాళ్లదే. కూరలకు ‘ఒకజు’. వంటగదిలో, వడ్డించే చోట పుట్టిన మాటలను జపాన్ వాళ్లు చరిత్రగా రాసి పెట్టుకున్నారు.

మన వంటిళ్లు ఏం తక్కువ? నేను బడి నోటుపుస్తకాల వెనక రాసిపెట్టుకున్నవి కొన్ని చెబుతాను. పప్పులో ఉప్పు మరిచిపోతే ‘సప్పగ’. ఉప్పు మరీ పడితే ‘ఉప్పుకషాయం’. ఇక్కడ ఆగి చూడండి: కషాయం అంటే సంస్కృతంలో వగరు, ఆ వగరు మందునీళ్ల పేరయింది, మందునీళ్లు తాగలేనిదానికి గుర్తయ్యాయి, చివరికి ఉప్పు పక్కన చేరాయి. నూనె పాతబడితే ‘కనరు’. బియ్యం నిలవుండి చెడితే ‘ముక్కింది’. పిండి సరిగ్గా వేగకపోతే ‘పచ్చివాసన’. అడుగంటితే ‘మాడువాసన’. మిరపకాయ పొయ్యిలో పడితే ‘ఘాటు’, అది నాలుకది కాదు, గొంతుది. ఏ వంటల పుస్తకం చూసినా ‘పచ్చివాసన పోయేవరకు వేయించండి’ అని ఒక్కటే కనబడుతుంది. మిగతావి నోటి మాటగా పోతున్నాయి.

తండాల్లో లంబాడీ తల్లులకు ఇట్లాంటివే తమ భాషలో ఉన్నాయి. వాటిని రాసుకునేవాళ్లు ఆ తండా పిల్లల్లోంచే రావాలి.

7. పాత పేరును కొత్త రుచి ఆక్రమించుకుంటుంది, కంగారుపడకండి.

మిరపకాయ మన దేశపుది కాదు. అమెరికా ఖండాలనుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల మీద 16వ శతాబ్దంలో వచ్చింది. దాని పేరులో పాత మిరియం వినిపిస్తూనే ఉంది. ‘కారం’ అన్న మాట సంస్కృత ‘క్షారం’ నుంచి వచ్చింది. క్షారమంటే బూడిదనీళ్లలా నాలుకను కోసేది. ఆ మాట మిరియానికి, మిరియం నుంచి మిరపకు మారింది. ఇవాళ కారమంటే ఎర్రటి పొడే. జపనీస్ ‘కరై’ కూడా ఇట్లాంటిదే: మంటనూ ఉప్పదనాన్నీ రెండిటినీ చెబుతుంది. ఏది అని తేల్చుకోవాలంటే ముందు ఉప్పు అనే మాట చేర్చుకుంటారు.

టీచర్లకు ఒక్క హెచ్చరిక. శాస్త్రం చెప్పే ఆరు రసాల్లో ‘కటు’ అంటే కారం, ‘తిక్త’ అంటే చేదు. కటువు అన్న మాట వల్ల పిల్లలు ఆ రెండిటినీ తారుమారు చేసి రాస్తారు.

8. కొత్త రుచికి కొత్త మాట కావాలంటే ఇంటి మాటతోనే కట్టండి.

ఒయిషీ కన్నా పాతది ‘ఉమై’. మగవాళ్లు, స్నేహితుల మధ్య చనువుగా ఎక్కువ వాడతారు. 1908లో కికునయె ఇకెదా అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ‘కొంబు’ అనే సముద్రపు నాచు చారును పరీక్షించాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదులలో దేనికీ లొంగని ఒక రుచి అందులో ఉందని అతని పట్టుదల. దానికి కారణం గ్లుటామిక్ ఆమ్లమని తేల్చాడు. పేరు కోసం లాటిన్ దగ్గరికి పోలేదు, ఉమై అన్న ఇంటి మాటకే చిన్న తోక తగిలించి ‘ఉమామి’ అన్నాడు. ఆ మాట ఇప్పుడు ప్రపంచ భాషలెన్నిటిలోనో ఉంది.

1909లోనే ఆ రుచిని తెల్లటి పొడిగా చేసి ‘అజినొమొతో’ పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. మన ఊళ్లలో నూడుల్స్ బండ్ల దగ్గర ‘టేస్టింగ్ సాల్ట్’ అంటారే, అదే. టమాటా ఎండబెట్టిన కొద్దీ, చారు మరిగిన కొద్దీ, పుట్టగొడుగులు వేగిన కొద్దీ వచ్చే ఆ గుణాన్ని తెలుగులో ఏమనాలో నన్ను చాలామంది అడిగారు. ‘ఉమామి’ అనే ఉంచండి, తప్పులేదు. ‘కమ్మదనం’ అని మాత్రం అనకండి. ఉమామి నాలుక మీద ఉంటుంది, ముక్కు మూసుకున్నా తెలుస్తుంది. కమ్మదనం ముక్కు లేనిదే లేదు. పెరుగును, నెయ్యిని, పప్పును కలిపే మాటను సముద్రపు నాచుకు అప్పజెప్పితే ఇంటికి ఏం మిగులుతుంది?

9. తిండి దాటిన రుచి మాటను దాని దారిన పోనివ్వండి.

కమ్మని నిద్ర, కమ్మని పాట, కమ్మని కబురు. ఉమై అంటే జపాన్‌లో నేర్పుగలది కూడా: పాట బాగా పాడినా, బొమ్మ బాగా వేసినా ఉమై. తీపికి వాళ్లు వాడే ‘అమై’, పిల్లలను గారం చేసి చెడగొట్టే తండ్రికీ వర్తిస్తుంది. ఇట్లాంటివి తరగతిలో పక్కపక్కన రాయించండి, పిల్లలే మిగతావి తెస్తారు.

10. ‘సూపర్’ అన్న పిల్లవాడిని కసరకండి, రెండో ప్రశ్న అడగండి.

ఏం పెట్టినా ‘సూపర్’, ‘మస్తు’, ‘బాగుంది’. నా మనవరాలికి ఒయిషీ కూడా ఆ వరసలోనే చేరింది. ఆ పిల్ల పిజ్జాకూ పప్పుకూ అదే అంటుంది. మెచ్చుకోవడం మంచి గుణం, దాన్ని ఆపకూడదు. నేను చేసేదల్లా వెంటనే ‘ఎట్లుంది?’ అని అడగడం. ‘బాగుంది అమ్మమ్మా’ అంటుంది. ‘కమ్మగున్నదా, పుల్లగున్నదా, వగరు తగిలిందా?’ అంటాను. అప్పుడు ఆగుతుంది. మళ్లీ ఒక ముద్ద పెట్టుకుంటుంది. ఈసారి నెమ్మదిగా నములుతుంది. ‘ముందు కమ్మగుంది, తర్వాత కొంచెం పులుపొచ్చింది, టమాటానా?’ అంటుంది. చింతపండు. అయినా దారిలో పడ్డట్టే.

దీన్ని బడిలో చేయాలంటే ఖర్చేమీ లేదు. మధ్యాహ్న భోజనం పప్పు ఉంది, ఇళ్ల ముందు జామ చెట్లున్నాయి. ఎండాకాలం మొదట్లో తునికికాయలు, చలికాలంలో పచ్చి కందికాయలు పిల్లలే తెస్తారు. కందికాయలు ఉప్పునీళ్లలో ఉడికించి, ఒకటి పొట్టుతో, ఒకటి పొట్టు లేకుండా తినిపించి, రెండిటికీ చెరో మాట రాయమనండి. రాసినవాటిలో మీకు తెలియని మాట ఒకటైనా ఉంటే, ఆ పిల్లవాడి అవ్వను వెతుక్కుంటూ వెళ్లి అర్థం అడిగి రాసుకోండి.